మూడో తరగతితో చదువు ఆపిన ప్రిన్సిపాల్ – జి.డి.నాయుడు గారి జీవితం

ప్రతి ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటాం. ఆ రోజు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని తలచుకుంటాం. పురానాపూల్‌లో ఉంటున్న మనకు ఆయన్ని తలచుకోవటానికి ఇంకో కారణం కూడా ఉంది. మనం రోజూ దాటే ఈ పాత వంతెనను 1578లో, హైదరాబాద్ నగరం ఇంకా పుట్టకముందే, ఇబ్రహీం కుతుబ్ షా కట్టించారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలు తీసిన తరువాత, మళ్ళీ అలాంటి వరద రాకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం పిలిపించింది విశ్వేశ్వరయ్య గారినే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆయన సలహాలోంచి వచ్చినవే.

అయితే విశ్వేశ్వరయ్య గారు పరీక్షల్లో మొదటి స్థానంలో నిలిచిన మనిషి. చదువు ముగిసిన వెంటనే బొంబాయి ప్రభుత్వం ఆయనకు ఇంజనీరు ఉద్యోగం ఇచ్చింది. మన హాస్టల్‌లో అలాంటివాళ్ళు ఉన్నారు, వాళ్ళను చూసి మేము గర్వపడతాం. కానీ అలా లేనివాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో మ్యాథ్స్, డ్రాయింగ్ తప్పి, సప్లీలు రాసి రాసి, చివరికి యాభై చిల్లర పర్సెంటేజీతో బయటపడినవాళ్ళు. క్యాంపస్ ఇంటర్వ్యూకి కంపెనీ వచ్చిన రోజున అరవై శాతం లేదని గది బయటే నిలబడినవాళ్ళు. పట్టా చేతికొచ్చినా ఊరికి వెళ్ళటానికి మొహం చెల్లక సెలవుల్లో కూడా హాస్టల్‌లోనే ఉండిపోయినవాళ్ళు. ఈ వార్షికోత్సవ సంచికలో వాళ్ళ కోసం ఒక జీవితం రాయాలని మేము అనుకున్నాం. ఆ జీవితం జి.డి.నాయుడు గారిది. ఇంజనీరింగ్‌లో ఆయనకు తక్కువ మార్కులు రావటం కాదు, అసలు మార్కులే లేవు.

కలంగల్ గ్రామంలో పుట్టిన బాలుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే గ్రామంలో పుట్టారు. తమిళనాడులోని ఆ ప్రాంతంలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. పేరుకు ముందు ఊరి పేరు, తండ్రి పేరు తమిళ పద్ధతిలో రాసుకున్నా ఇంటి భాష తెలుగే. నాయుడు గారిది అలాంటి రైతు కుటుంబం. పసితనంలోనే తల్లి చనిపోయింది.

బడి అంటే ఆయనకు గిట్టలేదు. పాఠం వినలేక, కుదురుగా కూర్చోలేక మాస్టారి మీద ఇసుక చల్లాడని బడి నుంచి పంపేశారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. మూడో తరగతితో చదువు ఆగిపోయింది. తండ్రి పొలం పనికి పంపారు. ఆ పొలంలో ఉన్నప్పుడే తనంతట తాను పుస్తకాలు చదవటం నేర్చుకున్నారు. ఇది గమనించాల్సిన సంగతి. చదువు మానేసింది బడిలో మాత్రమే. నేర్చుకోవటం ఆయన ఏనాడూ మానలేదు.

ఒక మోటార్ సైకిల్

ఆ రోజుల్లో ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి ఆ ఊరి వైపు మోటార్ సైకిల్ మీద వచ్చేవాడు. అది ఇంగ్లండులో తయారైన రడ్జ్ బండి. ఎద్దుల బండ్లు, గుర్రపు బండ్లు తప్ప మరేమీ చూడని పల్లెటూరి కుర్రవాడికి అది వింతగా కనిపించింది. లాగే ఎద్దు లేకుండా ఇది ఎలా కదులుతోంది? లోపల ఏముంది? ఈ రెండు ప్రశ్నలు ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

బండి కొనాలంటే డబ్బు కావాలి. ఇంట్లో అడిగితే రాదు. అందుకని కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్‌లో సర్వర్‌గా చేరారు. ఎంగిలి ప్లేట్లు తీశారు, కాఫీలు అందించారు, జీతం దాచారు. కొన్నేళ్ళకు చేతిలో 300 రూపాయలు చేరాయి. ఆ డబ్బుతో ఆ మోటార్ సైకిల్ కొన్నారు.

కొన్న తరువాత చాలామంది చేసే పని ఊరంతా తిరిగి చూపించుకోవటం. ఆయన చేసింది వేరు. బండిని నట్టు నట్టుగా విప్పారు. ఏ భాగం దేనికి తగులుతుందో, ఏది తిరిగితే ఏది కదులుతుందో చూశారు. మళ్ళీ బిగించారు. ఆయన ఇంజనీరింగ్ కాలేజీ ఆ బండే. అందులో సిలబస్ లేదు, మార్కుల మెమో లేదు. బండి నడిస్తే పాస్, నడవకపోతే ఫెయిల్. ఎన్నిసార్లయినా మళ్ళీ విప్పుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. హోటల్‌లో సర్వర్ పని చేయటం ఆయన నామోషీగా అనుకోలేదు. మనలో బీటెక్ పట్టా ఉన్నవాడు షెడ్డులో పనికి చేరితే ఊళ్ళో వాళ్ళు నవ్వుతారని భయపడతాం. అమ్మానాన్నలు కూలి పని చేసి చదివిస్తే మళ్ళీ చేతికి మసి అంటించుకోవటమా అని బాధపడతాం. ఆ బాధ అబద్ధం కాదు. కానీ ఆ హోటల్ పని నాయుడు గారికి గమ్యం కాదు, 300 రూపాయలకు దారి. ఏ పనైనా దేనికి దారి అవుతోందో మనకు తెలిసినప్పుడు అందులో చిన్నతనం ఉండదు.

బొంబాయిలో పోగొట్టుకున్నది

ఆయన జీవితం అక్కడి నుంచి నేరుగా పైకి సాగలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తిరుప్పూరులో పత్తి వ్యాపారంలోకి దిగారు. పత్తి ధరలు మంచిగా ఉన్న రోజులు అవి. బాగా డబ్బు వచ్చింది. ఇంకా పెద్ద వ్యాపారం చేద్దామని బొంబాయి వెళ్ళారు. అక్కడి పత్తి మార్కెట్‌లో సంపాదించినదంతా పోగొట్టుకుని ఖాళీ చేతులతో తిరిగి వచ్చారు.

అప్పటికి ఆయనకు పాతికేళ్ళు దాటాయి. చదువు లేదు, డబ్బు లేదు. సరిగ్గా మన వయసు. ఇప్పటి మన అన్నలు, తమ్ముళ్ళు పట్టా పట్టుకుని నాలుగు కంపెనీలు తిరిగి వెనక్కి వచ్చే వయసు కూడా అదే. ఆ స్థితిలో ఆయనకు తోడు నిలిచింది రెండు విషయాలు. ఒకటి, ఇంజను గురించి చేతికి తెలిసిన పని. రెండోది, ఆ పనిని నమ్మిన ఒక మనిషి.

ఆ మనిషి పేరు రాబర్ట్ స్టేన్స్. కోయంబత్తూరులో మిల్లులు, వ్యాపారాలు నడిపిన ఇంగ్లీషు పెద్దమనిషి. బస్సు కొనుక్కోవటానికి ఆయన నాయుడు గారికి అప్పు ఇచ్చి సాయపడ్డారు. సర్టిఫికెట్ చూసి ఇచ్చిన అప్పు కాదు అది. మనిషిని చూసి, పనిని చూసి ఇచ్చింది.

1920లో ఆ బస్సు పొల్లాచ్చి నుంచి పళనికి నడిచింది. మొదట నాయుడు గారే స్టీరింగ్ పట్టారు. తానే డ్రైవరు, తానే మెకానిక్కు. బండి దారిలో ఆగిపోతే బాగుచేయటానికి ఎవరి కోసమూ ఎదురు చూడనక్కరలేదు. ఆ ఒక్క బస్సు కాలక్రమంలో యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా పెరిగింది. దక్షిణ దేశంలో పేరు మోసిన బస్సు సంస్థల్లో అది ఒకటి అయింది.

బస్సుల నుంచి మోటారు దాకా

బస్సులు నడిపేవాడికి విడిభాగాలు కావాలి. ఆ రోజుల్లో అవి విదేశాల నుంచి రావాలి. ఒక చిన్న భాగం పాడైతే ఓడ వచ్చేదాకా బస్సు మూలన పడి ఉండాలి. అందుకని ఆయన వర్క్‌షాపు పెట్టారు. బాగుచేయటం తెలిసినవాడు తయారుచేయటం మొదలుపెట్టాడు.

1937లో కోయంబత్తూరు దగ్గర పీలమేడులో డి.బాలసుందరం నాయుడు గారితో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారుగా దాన్ని చెబుతారు. ఆ తరువాత కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు దేశంలోనే పెద్ద కేంద్రమైంది. తమ్ముళ్ళూ, ఈసారి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు బావి మీదో, బోరు మీదో ఉన్న మోటారు దగ్గరికి వెళ్ళి దాని రేకు మీద ఏ ఊరి పేరు ఉందో చదవండి. చాలాచోట్ల కోయంబత్తూరు అని కనిపిస్తుంది. మన తెలుగు పొలాలకు నీళ్ళు తోడుతున్న ఆ పరిశ్రమ మొదలైన రోజుల్లో నిలబడిన మనుషుల్లో మూడో తరగతి చదివిన మనిషి ఒకరు.

1930లలోనే ఆయన యూరప్ వెళ్ళి వచ్చారు. బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకునే యంత్రం రూపొందించి జర్మనీలో తయారు చేయించారు. దాని పేరు రాసంట్. పలుచని షేవింగ్ బ్లేడు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో నడిచే ఫ్యాను, మోసానికి వీలులేకుండా ఓట్లు నమోదు చేసే యంత్రం, ఇలా ఆయన చేతి మీదుగా వచ్చినవి చాలా ఉన్నాయి. కెమెరాల మీద కూడా ఆయనకు మక్కువ. పొలంలో కూడా ప్రయోగాలు చేసి పత్తి, బొప్పాయి మొక్కలను మామూలు కంటే బాగా పెంచి చూపించారు. నోబెల్ బహుమతి పొందిన సి.వి.రామన్ గారు ఆయన్ని ఎంతో మెచ్చుకున్నారు.

అన్నీ గెలుపులే కావు. 1936లో ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారుచేశారు. 2,000 రూపాయలకు అమ్మవచ్చని లెక్క వేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడే ఆగిపోయింది. అంత పేరు వచ్చాక కూడా ఆయనకు కాదు అనే జవాబు వినపడుతూనే ఉంది. ఒక తలుపు మూసుకుంటే ఆయన ఇంకో పనికి వెళ్ళారు.

ప్రిన్సిపాల్ కుర్చీలో

ఇప్పుడు మన శీర్షికలోని సంగతికి వద్దాం. 1945లో కోయంబత్తూరులో నాయుడు గారి ప్రయత్నంతో, ఆయన విరాళంతో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ మొదలయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. ఆ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా కూర్చున్నది నాయుడు గారే. మూడో తరగతితో బడి మానేసిన మనిషి ఇంజనీరింగ్ విద్యార్థులకు ప్రిన్సిపాల్!

ఆ కుర్చీలో కూర్చుని ఆయన ఒక ప్రశ్న వేశారు. ఇంజనీరింగ్‌కి నాలుగేళ్ళు ఎందుకు? రెండేళ్ళు చాలు, మిగతాది వర్క్‌షాపులో పని చేస్తూ నేర్చుకోవాలి అన్నది ఆయన అభిప్రాయం. కొంతకాలం చదువు, కొంతకాలం ఫ్యాక్టరీలో పని కలిసిన శాండ్‌విచ్ కోర్సులు పెట్టమన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన ప్రిన్సిపాల్ పదవికి రాజీనామా చేశారు. ఆ కాలేజీయే తరువాత కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా పేరు తెచ్చుకుంది.

ఆయన చెప్పింది పూర్తిగా ఒప్పా అంటే మేము అలా అనలేం. గణితం, సిద్ధాంతం లేకుండా వంతెన కట్టలేం. నాలుగేళ్ళు వృథా అని చెప్పి ఏ తమ్ముడూ క్లాసు ఎగ్గొట్టకూడదు. కానీ ఆయన మాటలో సగం నిజమని ఆ తరువాత కాలం చూపించింది. ఇప్పుడు ఇంజనీరింగ్ పాఠ్యప్రణాళికలోనే ఇంటర్న్‌షిప్ భాగమైంది. మార్కులు ఎంత వచ్చినా పని రాకపోతే ఉద్యోగంలో నిలబడలేరని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. ఆ మాట ఆయన 1945లోనే చెప్పారు.

మనకూ ఆయనకూ ఉన్న తేడా

ఒక పెద్దమనిషి జీవితం రాసి, మీరు కూడా ఇలా కండి అని ముగించటం తేలిక. అలా చేస్తే మన హాస్టల్ విద్యార్థులకు మేము అన్యాయం చేసినట్టే. నాయుడు గారికీ మనకూ తేడాలు ఉన్నాయి. అవి దాచకూడదు.

మొదటిది, ఆయన పుట్టింది భూమి ఉన్న రైతు ఇంట్లో. బొంబాయిలో అంతా పోయినా తిరిగి వచ్చి తలదాచుకోవటానికి ఇల్లు ఉంది, పొలం ఉంది. మనలో చాలామందికి నెల జీతం రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. రెండోది, కులం. హోటల్‌లో ఆయన అందించిన కాఫీ ఎవరూ వద్దనలేదు. ఆ రోజుల్లో మన తాతలను అదే హోటల్ గడప ఎక్కనిచ్చేవారా? మూడోది, ఆ కాలంలో మెకానిక్కు కావటానికి ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. ఇప్పుడు గేటు దగ్గరే మార్కుల మెమో అడుగుతారు. కాబట్టి చదువు వదిలేసిన నాయుడు గారిని కాదు, నేర్చుకోవటం వదలని నాయుడు గారిని మనం అనుసరించాలి. మిగిలిన సప్లీలు రాసి పట్టా చేతికి తెచ్చుకోవటం మన మొదటి పని. ఆ పట్టా కోసం మన ఇళ్ళలో ఎంత ఖర్చయిందో, డబ్బు ఒక్కటే కాదు, మనకు తెలుసు.

పట్టా వచ్చాక పర్సెంటేజీ తక్కువైతే దారులన్నీ మూసుకుపోయాయని అనుకోవద్దు. ప్రభుత్వ ఇంజనీరు పోస్టుల నోటిఫికేషన్లలో చాలావాటికి డిగ్రీ లేదా డిప్లొమా పాసైతే చాలు, శాతం అడగరు. ఎంపిక రాత పరీక్షలోని మార్కుల మీదే ఉంటుంది. ఆ పరీక్షకు కాలేజీ మెమో తెలియదు. అరవై శాతం అడిగే చోట కూడా కొన్ని సంస్థలు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు సడలింపు ఇస్తాయి. నోటిఫికేషన్ చివరిదాకా చదవకుండా వదిలేయవద్దు. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద పట్టభద్రులు, డిప్లొమావాళ్ళు పరిశ్రమల్లో స్టైపెండుతో శిక్షణ పొందవచ్చు. మన నగరంలోనే బాలానగర్‌లో 1968 నుంచి కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ ఉంది. అక్కడ యంత్రం మీద చేతితో నేర్పుతారు.

వీటన్నిటికంటే ముందు ఒక పని. ఇంటర్వ్యూలో పర్సెంటేజీ ఎందుకు తక్కువ అని అడిగితే తల దించుకుంటాం. ఆ ప్రశ్న తరువాత చూపించటానికి మన దగ్గర ఒక వస్తువు ఉండాలి. మనం విప్పి బిగించిన మోటారు, మనం గీసిన డ్రాయింగ్, మనం రాసిన ప్రోగ్రాము, మనం కొలిచి కట్టించిన గోడ. డబ్బు ఇచ్చి కొన్న ప్రాజెక్టు రిపోర్టు కాదు. రెండో ప్రశ్నకే అది కొన్నదని తెలిసిపోతుంది. నాయుడు గారు ఆ 300 రూపాయల బండిని విప్పకుండా ఉంటే స్టేన్స్ దొర ఆయనలో చూడటానికి ఏమీ ఉండేది కాదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల్లో ఇంజనీర్లు ఉన్నారు, డిపార్టుమెంటుల్లో పనిచేసేవారు ఉన్నారు, సొంత వర్క్‌షాపులు, కాంట్రాక్టులు నడిపేవారు ఉన్నారు. అన్నలారా, ఈ కథలో నాయుడు గారి భాగం మీ తమ్ముళ్ళది. స్టేన్స్ భాగం మీది.

మంచి ఇళ్ళ పిల్లలకు ఉద్యోగం ఎలా దొరుకుతుందో మనం చూస్తూనే ఉన్నాం. మామయ్య ఒక కంపెనీలో ఉంటాడు, బాబాయి ఒక ఫోను చేస్తాడు. మార్కులు తక్కువైనా ఒక ఆరు నెలలు ఎక్కడో కూర్చోబెడతారు. ఆ ఆరు నెలలే తరువాత అనుభవం అవుతుంది. మన పిల్లలకు ఆ మామయ్య లేడు, ఆ బాబాయి లేడు. ఉన్నది ఈ హాస్టల్ ఒక్కటే. అప్పు ఇమ్మని మేము అడగటం లేదు. మీ ఆఫీసులో, మీ సైటులో, మీ షెడ్డులో ఒక తమ్ముడికి ఒక వేసవి సెలవులు చోటు ఇవ్వండి. పని నేర్పండి. తప్పు చేస్తే తిట్టండి, మళ్ళీ చేయించండి. బాగా చేస్తే రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి ఇవ్వండి. మెమోలో లేనిదాన్ని ఆ కాగితం చెబుతుంది.

నాయుడు గారు కూడా చివరికి ఆ పనే చేశారు. బస్సుల వ్యాపారం నుంచి 1944లో తప్పుకుని కార్మికుల సంక్షేమానికి, సాంకేతిక శిక్షణకు తన డబ్బు, సమయం పెట్టారు. చదువు తక్కువైనవాళ్ళు కూడా చేతిపని నేర్చుకుని బతకగలగాలని తక్కువ కాలపు కోర్సులు నడిపారు. 1967లో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాల పెట్టారు. అవినాశి రోడ్డులోని ఆయన మ్యూజియంలో ఆయన యంత్రాలను ఈనాటికీ చూడవచ్చు. 1974 జనవరి 4న, 80 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

ఆయన ఏ పరీక్షలో ఎంత శాతం తెచ్చుకున్నారని ఆ తరువాత ఎవరూ అడగలేదు. తమ్ముళ్ళూ, మిమ్మల్ని ఈ రోజు అడుగుతారు, రేపు అడుగుతారు. ఒక అయిదేళ్ళు పని చేశాక అడగటం తగ్గిపోతుంది. ఆ అయిదేళ్ళు దాటటమే కష్టం. ఆ అయిదేళ్ళలో ఎవరూ ఒంటరిగా ఉండకూడదని, సిగ్గుతో ఊరికి, హాస్టల్‌కి దూరం కాకూడదని మా కోరిక. ఉద్యోగం వచ్చినవాళ్ళే వార్షికోత్సవానికి రావాలని ఎక్కడా రాసి లేదు. రానివాళ్ళే ముందుగా రండి. అన్నలు ఇక్కడ ఉంటారు.